మినిమల్‌మోడ్‌బస్ సమీక్ష: మీటర్ల రీడింగులు తెచ్చే చిన్న పైథాన్ లైబ్రరీ, దాని డీఫాల్ట్‌లతో వచ్చే చిక్కులు

ఎనర్జీ మీటరు, టెంపరేచర్ కంట్రోలర్, మోటారు వేగం మార్చే డ్రైవ్ లాంటివి చాలావాటికి వెనకవైపు ఏ, బీ అని రాసిన రెండు స్క్రూలు ఉంటాయి. అది ఆర్‌ఎస్-485 పోర్టు. ఆ రెండు వైర్ల మీద ఎక్కువగా నడిచేది మోడ్‌బస్ ఆర్‌టీయూ. 1979లో మోడికాన్ అనే కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్ల) కోసం తెచ్చిన ప్రోటోకాల్, అంటే పరికరాలు మాట్లాడుకునే పద్ధతి, ఇది. కొత్తగా వచ్చే మీటర్లలో కూడా ఇదే ఉంటోంది. ఆ వైర్లను యూఎస్‌బీ కన్వర్టర్‌తో కంప్యూటర్‌కి కలిపి, అంకెలను పైథాన్‌లోకి తెచ్చుకోవడానికి ఉన్న ఉచిత లైబ్రరీల్లో మినిమల్‌మోడ్‌బస్ ఒకటి.

ముందే తీర్పు చెప్పేస్తాం. ఒకే సీరియల్ లైను మీద నాలుగో పదో పరికరాలుండి, వాటి రీడింగులు సెకనుకోసారో నిమిషానికోసారో తీసుకోవడమే పనైతే ఇంతకన్నా తేలికైన దారి లేదు. ప్రోటోకాల్ వైపు పని సరిగ్గా చేస్తుంది. కానీ టైమవుట్ (జవాబు కోసం ఆగే గరిష్ఠ కాలం), పారిటీ (ప్రతి బైటుతో వెళ్లే తనిఖీ బిట్టు), రాసేటప్పటి ఫంక్షన్ కోడ్ (ఏ పని చేయాలో పరికరానికి చెప్పే అంకె) అనే మూడు డీఫాల్ట్‌లను ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే ఇబ్బంది పెడతాయి. వాటిలో టైమవుట్ మరీ ప్రమాదం. అది ఎర్రర్లు ఇచ్చి ఊరుకోదు, ఒక్కోసారి తప్పు రీడింగుని ఒప్పు రీడింగులా చేతికిస్తుంది. ఈ సమీక్షలో అన్నిటికన్నా పెద్ద భాగం దాని గురించే.

పెట్టెలో ఏముంది

పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే సీరియల్ పోర్టుతో మాట్లాడే పైసీరియల్‌ని తోడు తెచ్చుకుంటుంది, మరేమీ అక్కర్లేదు. లైబ్రరీ మొత్తం ఒకే పైథాన్ ఫైలు. అపాచీ లైసెన్సు కాబట్టి వాణిజ్య పనులకూ వాడుకోవచ్చు. ఫంక్షన్ కోడ్‌లు 1, 2, 3, 4, 5, 6, 15, 16 ఉన్నాయి. రోజువారీ అవసరాలకి ఇవి చాలు. ఆర్‌టీయూతో పాటు మోడ్‌బస్ ఆస్కీ కూడా మాట్లాడుతుంది. టీసీపీ (నెట్‌వర్క్ మీద నడిచే మోడ్‌బస్) లేదు, అసింక్ (ఒకేసారి అనేక పనులు నడిపే పద్ధతి) లేదు.

వాడకం సూటిగా ఉంటుంది. పోర్టు పేరు, స్లేవ్ (జవాబిచ్చే పరికరం) అడ్రస్ ఇచ్చి ఇన్‌స్ట్రుమెంట్ అనే ఆబ్జెక్ట్ తయారుచేయాలి. దాని లోపలి సీరియల్ సెట్టింగుల్లో బాడ్ రేట్ (లైను వేగం), పారిటీ, స్టాప్ బిట్లు (బైటు ముగిసిందని చెప్పేవి), టైమవుట్ పెట్టాలి. తర్వాత రీడ్ రిజిస్టర్ (రిజిస్టర్ అంటే పరికరం విలువను ఉంచే గది), రీడ్ ఫ్లోట్ (దశాంశ సంఖ్య), రీడ్ లాంగ్, రీడ్ రిజిస్టర్స్ లాంటి ఫంక్షన్లలో కావలసినదాన్ని పిలవాలి. ఫ్రేము (పంపే బైట్ల మూట) కట్టడం, సీఆర్‌సీ (బైట్లు చెడలేదని సరిచూసే అంకె) లెక్క, జవాబు సరిచూడటం అదే చూసుకుంటుంది. ఒక్క రీడింగు తేవడానికి ఐదారు లైన్ల కోడ్ సరిపోతుంది.

ఏమీ మార్చకపోతే 19200 బాడ్, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, 0.05 సెకన్ల టైమవుట్ ఉంటాయి. మోడ్‌బస్ సీరియల్ ప్రమాణం మాత్రం డీఫాల్ట్ పారిటీ ఈవెన్ ఉండాలని, పారిటీ వాడకపోతే స్టాప్ బిట్లు 2 ఉండాలని చెబుతుంది. బయట దొరికే మీటర్లలో 9600, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అనే కలయిక కూడా బాగా కనిపిస్తుంది. అంటే లైబ్రరీ డీఫాల్ట్ మీ మీటరుకి సరిపోతుందనుకోవడానికి ఆధారమేమీ లేదు. మీటరు మెనూలోకి వెళ్లి అడ్రస్, బాడ్ రేట్, పారిటీ మూడూ కళ్లతో చూసి కోడ్‌లో రాసుకోండి.

కోడ్ కన్నా ముందు వైరు

నో రెస్పాన్స్ ఎర్రర్ రాగానే లైబ్రరీని అనుమానిస్తారు గానీ, మొదటిసారి కలిపినప్పుడు తప్పు ఎక్కువగా వైరింగ్‌లోనే ఉంటుంది.

ఏ, బీ పేర్ల గొడవ అన్నిటికన్నా పాతది. 485 ప్రమాణం ప్రకారం ఏ నెగటివ్ వైపు, బీ పాజిటివ్ వైపు. చాలామంది తయారీదారులు దీన్ని తిరగేసి ముద్రిస్తారు. కాబట్టి ఏ-కి ఏ, బీ-కి బీ కలిపినా జవాబు రాకపోతే రెండు వైర్లూ తారుమారు చేసి చూడండి. ఇలా మార్చినంత మాత్రాన పరికరం పాడవదు. ప్లస్, మైనస్ గుర్తులుంటే అక్షరాలను పక్కనపెట్టి వాటినే నమ్మండి.

రెండో పరీక్ష మల్టీమీటరుతో. లైను మీది పరికరాలన్నీ ఆఫ్ చేసి రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. రెండు చివర్లా సిగ్నల్ వెనక్కి తిరగకుండా పెట్టే 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్లు సరిగ్గా ఉంటే దాదాపు 60 వస్తుంది. 120 వస్తే ఒక చివర లేదు. 40 వస్తే మధ్యలో ఏదో పరికరంలో టెర్మినేషన్ స్విచ్ ఆన్‌లో ఉండిపోయింది. రెండుమూడు మీటర్ల వైరుకి, 9600 వేగానికి ఈ రెసిస్టర్లు లేకపోయినా పని నడుస్తుంది. పొడవు వందల మీటర్లయితే తప్పవు.

తర్వాత కరెంటు ఆన్ చేసి, ఎవరూ మాట్లాడనప్పుడు ప్లస్, మైనస్‌ల మధ్య వోల్టేజీ చూడండి. 200 మిల్లీవోల్టుల పైన పాజిటివ్‌గా ఉండాలి. లేకపోతే రిసీవర్‌కి అది 1 అని గాని 0 అని గాని ఖాయంగా తెలియదు. ఫ్రేము మొదట్లోనో చివర్లోనో చెత్త బైట్లు కలిసి సీఆర్‌సీ తప్పుతుంది. మందు బయాస్ రెసిస్టర్లు. ప్లస్ నుంచి 5 వోల్టులకి 560 ఓమ్‌లు, మైనస్ నుంచి గ్రౌండ్‌కి 560 ఓమ్‌లు పెడితే, 60 ఓమ్‌ల లైను మీద సుమారు 250 మిల్లీవోల్టులు నిలుస్తాయి. లైను మొత్తానికి ఒక్క చోట పెడితే చాలు.

మూడో వైరు, అంటే కామన్, అక్కర్లేదనుకోవడం మరో పొరపాటు. 485 రిసీవర్లు తట్టుకునే కామన్ మోడ్ వోల్టేజీ (రెండు వైర్లకీ తమ గ్రౌండ్‌తో ఉమ్మడిగా ఉండే తేడా) మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల వరకే. రెండు ప్యానెళ్ల గ్రౌండ్‌ల మధ్య తేడా దీన్ని దాటితే మొదట రీడింగులు తప్పుతాయి, తర్వాత చిప్పులు కాలతాయి. డ్రైవ్‌లున్న చోట ఐసొలేటెడ్ (రెండు వైపుల మధ్య నేరుగా విద్యుత్ సంబంధం లేని) కన్వర్టరే కొనండి. మామూలు దానితో లాప్‌టాప్ పోర్టుని పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

మొదటి రీడింగు, ఒక మెట్టు తేడా

మీటరు మాన్యువల్‌లో వోల్టేజీ 40001లో ఉందని రాసి ఉంటుంది. లైబ్రరీకి 40001 ఇస్తే పరికరం అలాంటి అడ్రస్ లేదంటుంది. ముందున్న 4 హోల్డింగ్ రిజిస్టర్ (చదవడానికీ రాయడానికీ వీలైనది) అనే రకాన్ని చెబుతుంది, అడ్రస్‌లో భాగం కాదు. వైరు మీద లెక్క 0 నుంచి మొదలవుతుంది. అందుకే 40001కి 0, 40011కి 10 ఇవ్వాలి, ఫంక్షన్ కోడ్ 3. మాన్యువల్‌లో 30001 అని ఉంటే అది ఇన్‌పుట్ రిజిస్టర్ (చదవడానికి మాత్రమే). అడ్రస్ 0 ఇచ్చి ఫంక్షన్ కోడ్ 4 అని విడిగా చెప్పాలి. రీడ్ రిజిస్టర్ డీఫాల్ట్ 3 కాబట్టి ఇది మరిచిపోతే ఎర్రర్ రావచ్చు, లేదా అదే నంబరున్న హోల్డింగ్ రిజిస్టర్ విలువ రావచ్చు. రెండోది దొరకడం కష్టం.

కొన్ని మాన్యువళ్లు ముందే 0 నుంచి లెక్కపెట్టి ఇస్తాయి. అనుమానముంటే ముందు ఒక అడ్రస్, వెనక ఒక అడ్రస్ కూడా చదివి, మీటరు తెర మీద కనిపించే అంకె ఎక్కడ పడుతుందో చూడండి. కోడ్ రాయకముందు ఎంబీపోల్ అనే కమాండ్ లైన్ సాధనంతో ఒకసారి లైను పరీక్షించుకునే అలవాటు మంచిదే. అయితే అది మామూలుగా 1 నుంచి లెక్కపెడుతుంది, పారిటీ ఈవెన్ అనుకుంటుంది. అందులో 1 అని చదివిన రిజిస్టరు మినిమల్‌మోడ్‌బస్‌లో 0 అవుతుంది. ఈ తేడా గుర్తులేక సరైన లైనుని తప్పని తేల్చేస్తుంటారు.

టైమవుట్: 0.05 సెకన్లు ఎందుకు చాలవు

లైను మీద కాలం ఎలా ఖర్చవుతుందో లెక్కేద్దాం. 9600 బాడ్, పారిటీ లేకుండా 1 స్టాప్ బిట్ ఉంటే ఒక బైటుకి 10 బిట్లు, అంటే సెకనుకి 960 బైట్లు. చదవమనే అభ్యర్థన 8 బైట్లు, అది వెళ్లడానికి 8.3 మిల్లీసెకన్లు. 10 రిజిస్టర్ల జవాబులో 20 డేటా బైట్లు, వాటి చుట్టూ మరో 5, వెరసి 25 బైట్లు. అది రావడానికి 26 మిల్లీసెకన్లు. మధ్యలో పరికరం ఆలోచించుకునే సమయం ఉంటుంది, చిన్న మీటర్లకి 10 నుంచి 30 మిల్లీసెకన్లు పట్టడం వింతేమీ కాదు. 20 అనుకుందాం. ఇప్పటికే 54 అయింది. 50 దాటిపోయాం.

కన్వర్టర్ వాటా ఇంకా కలపలేదు. ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్పులున్న కన్వర్టర్లలో లేటెన్సీ టైమర్ డీఫాల్ట్‌గా 16 మిల్లీసెకన్లు. వచ్చిన బైట్లు కొద్దిగా ఉంటే చిప్పు వాటిని వెంటనే కంప్యూటర్‌కి ఇవ్వదు, ఆ టైమర్ తీరేదాకా పట్టుకుంటుంది. మొత్తం 70కి చేరుతుంది. 40 రిజిస్టర్లు ఒకేసారి అడిగితే జవాబు 85 బైట్లు, దానికే 88 మిల్లీసెకన్లు. పరికరం ఎంత చురుకైనదైనా 0.05లో ఆ జవాబు అందదు.

ఇక్కడ లైబ్రరీ పనితీరు తెలిసుండాలి. జవాబులో ఎన్ని బైట్లు రావాలో ముందే లెక్కేసుకుని, అన్ని బైట్లు వచ్చేదాకా లేదా టైమవుట్ అయ్యేదాకా ఒకే రీడ్‌లో ఎదురుచూస్తుంది. టైమవుట్ ఆ మొత్తం రీడ్‌కి కలిపి, బైటు బైటుకీ విడిగా కాదు. లినక్స్‌లో రైట్ అనే పిలుపు బైట్లను కెర్నెల్ బఫర్‌లో వేసి తిరిగొచ్చేస్తుంది కాబట్టి అభ్యర్థన వైరు మీద వెళ్లే కాలం కూడా ఈ టైమవుట్‌లోంచే పోతుంది. సమయం చాలకపోతే సగం జవాబు చేతికొచ్చి, ఇన్వాలిడ్ రెస్పాన్స్ అనో చెక్‌సమ్ తప్పనో ఎర్రర్ వస్తుంది. అది చూసి లైనులో నాయిస్ ఉందనుకుని షీల్డ్ వైరు కొనడానికి వెళ్తారు. నిజానికి టైమవుట్ పెంచితే సరిపోయేది.

ఎర్రర్ వస్తే నయమే. అసలు ప్రమాదం ఆలస్యంగా వచ్చిన జవాబు. మోడ్‌బస్ ఆర్‌టీయూ ఫ్రేములో స్లేవ్ అడ్రస్, ఫంక్షన్ కోడ్, డేటా, సీఆర్‌సీ ఉంటాయి. ఏ ప్రశ్నకి జవాబో చెప్పే నంబరు ఉండదు, ఏ రిజిస్టరుదో కూడా ఉండదు. వోల్టేజీ అడిగారు, టైమవుట్ అయింది, ఎర్రర్ పట్టుకుని వదిలేసి వెంటనే అదే మీటరుని కరెంటు అడిగారు. ఈలోగా వోల్టేజీ జవాబు మెల్లగా వచ్చింది. అడ్రస్ సరిపోయింది, ఫంక్షన్ సరిపోయింది, పొడవు సరిపోయింది, సీఆర్‌సీ కూడా సరిపోయింది. లైబ్రరీ దాన్ని కరెంటు విలువగా మీకిచ్చేస్తుంది. ప్రతి అభ్యర్థనకి ముందు బఫర్ ఖాళీ చేసే ఏర్పాటు ఇందులో డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంది, అది మంచి పని. కానీ అభ్యర్థన వెళ్లిన తర్వాత వచ్చి చేరే పాత జవాబుని అది ఆపలేదు. గ్రాఫులో 5 ఆంపియర్ల గీత మధ్య ఒక్క చుక్క 230 దగ్గర కనబడితే మొదట చూడవలసింది ఇదే.

కాబట్టి టైమవుట్ ఇలా పెట్టండి. అభ్యర్థన కాలం, పరికరం ఆలస్యం, అతి పెద్ద జవాబు కాలం, కన్వర్టర్ ఆలస్యం కలిపి రెండింతలు చేయండి. 9600 దగ్గర 40 రిజిస్టర్లకి, పరికరం ఆలస్యం 30 అనుకుంటే, మొత్తం 143 మిల్లీసెకన్లు. టైమవుట్ 0.3 సెకన్లు. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ తర్వాతి అభ్యర్థనకి ముందు ఇంకో 0.2 సెకన్లు ఆగండి, దారిలో ఉన్న పాత జవాబు వచ్చి బఫర్‌లో పడిపోతుంది, ఖాళీ చేసేటప్పుడు పోతుంది. ఎఫ్‌టీడీఐ కన్వర్టర్ అయితే లేటెన్సీ టైమర్‌ని 1కి దించండి. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఉంటుంది, లినక్స్‌లో సిస్ ఫోల్డరు (సిస్‌ఎఫ్‌ఎస్) కింద లేటెన్సీ టైమర్ అనే ఫైలులో 1 రాయాలి. ప్రతి లావాదేవీలో దాదాపు 15 మిల్లీసెకన్ల దాకా మిగులుతాయి.

మరీ పెద్ద టైమవుట్‌కీ ఖరీదుంది. పరికరం తప్పు అడ్రస్ అని చెప్పే ఎక్సెప్షన్ జవాబు 5 బైట్లే. లైబ్రరీ 25 కోసం ఎదురుచూస్తుంటే 5 వచ్చాక కూడా టైమవుట్ పూర్తయ్యేదాకా కూర్చుంటుంది. టైమవుట్ 2 సెకన్లు పెడితే ప్రతి తప్పు అడ్రస్‌కీ 2 సెకన్లు పోతాయి. ఆఫ్‌లో ఉన్న మీటరుకీ అంతే. మూడుసార్లు వరసగా జవాబివ్వని పరికరాన్ని ఒక నిమిషం పక్కనపెట్టి, మిగతావి చదివి, మళ్లీ పలకరించే లాజిక్ మీరే రాసుకోవాలి. మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు ఈ లైబ్రరీలో లేదు. ఇంత చిన్న లైబ్రరీని దీనికి తప్పుపట్టం గానీ, కనీసం ఒక ఐచ్ఛికంగా ఉంటే బాగుండేది.

ఫ్రేముల మధ్య ఉండవలసిన మూడున్నర అక్షరాల నిశ్శబ్దాన్ని మాత్రం లైబ్రరీ తనే పాటిస్తుంది. ఒక అక్షరానికి 11 బిట్లు లెక్కేసి 9600 దగ్గర దాదాపు 4 మిల్లీసెకన్లు, 19200 దాటితే ప్రమాణం చెప్పినట్టే 1.75 మిల్లీసెకన్లు. కొన్ని పాత కంట్రోలర్లకి ఇది చాలదు, ఒకటి వదిలి ఒకటి జవాబిస్తాయి. అలా కనిపిస్తే పిలుపుల మధ్య 20 నుంచి 50 మిల్లీసెకన్ల స్లీప్ పెట్టి చూడండి.

అంకె వచ్చింది, అర్థం కాలేదు

ఒక రిజిస్టరు 16 బిట్లు. టెంపరేచర్ కంట్రోలర్ మైనస్ 5.0 డిగ్రీలని మైనస్ 50గా పంపుతుంది, అది 65486గా కనిపిస్తుంది. ఒక దశాంశం అని చెప్పి, సైన్డ్ (మైనస్ విలువలూ ఉండొచ్చు) అని చెప్పకపోతే 6548.6 డిగ్రీలు వస్తుంది. సైన్డ్ ట్రూ పెడితే సరి. దశాంశాల సంఖ్య అనే పరామితి 10, 100, 1000తో భాగించడానికే. సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) నిష్పత్తితో గుణించడం, 0.25తో గుణించడం లాంటివి మీ కోడ్‌లో చేసుకోవాలి.

ఫ్లోట్ అయితే రెండు రిజిస్టర్లు. 230.0 వోల్టుల్ని ఐఈఈఈ 754 అనే ప్రమాణ రూపంలో రాస్తే 43 66 00 00 అనే నాలుగు బైట్లు. కొన్ని మీటర్లు రెండు రిజిస్టర్ల వరస మార్చి 00 00 43 66గా పంపుతాయి. దాన్ని మామూలుగా చదివితే దశాంశ బిందువు తర్వాత 40 సున్నాలున్న సంఖ్య వస్తుంది, ప్రోగ్రామ్ దాన్ని 0.00గా చూపిస్తుంది. ప్రతి రిజిస్టరు లోపలా బైట్లు తారుమారైతే 66 43 00 00 అయి, 23 తర్వాత 22 సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుంది. రీడ్ ఫ్లోట్‌లో బైట్ ఆర్డర్‌కి నాలుగు విలువలున్నాయి. నాలుగూ ఒకసారి నడిపి, మీటరు తెర మీది అంకెతో కలిసేదాన్ని ఉంచుకోవడమే దగ్గరి దారి. పరీక్షకి సున్నా కాని విలువ తీసుకోండి, లోడ్ లేని మీటరులో కరెంటు చదివితే నాలుగు రకాల్లోనూ 0 వస్తుంది, ఏమీ తేలదు.

గుత్తగా చదవడం

ఇరవై రిజిస్టర్లు కావాలంటే ఇరవై సార్లు పిలవకండి. ఒక్కో పిలుపుకి వైరు మీద 15 బైట్లు, దాదాపు 16 మిల్లీసెకన్లు. పరికరం ఆలస్యం, నిశ్శబ్దం, కన్వర్టర్ కలిపి ఇంకో 40. ఇరవైకి ఒక సెకను పైనే. అదే రీడ్ రిజిస్టర్స్‌తో ఒకేసారి తెస్తే 53 బైట్లు, 55 మిల్లీసెకన్లు, పైన ఒక్కసారి 40. పదో వంతు కన్నా తక్కువలో పని అయిపోతుంది. ఒక పిలుపుకి గరిష్ఠం 125 రిజిస్టర్లు, ఇది ప్రోటోకాల్ హద్దు. కొన్ని మీటర్లు ఇంకా తక్కువకే ఒప్పుకుంటాయి. మధ్యలో లేని అడ్రస్ ఒక్కటున్నా మొత్తం అభ్యర్థననే తిరస్కరించే పరికరాలున్నాయి, అప్పుడు రెండు ముక్కలుగా అడగాలి.

లైబ్రరీ కొరత ఇక్కడే బయటపడుతుంది. గుత్తగా వచ్చిన జాబితాలో అన్నీ సైన్ లేని 16 బిట్ల సంఖ్యలే. అందులో ఫ్లోట్‌లు, 32 బిట్ల కౌంటర్లు కలిసి ఉంటే విడదీసే ఫంక్షన్ బయటికి ఇవ్వలేదు. పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌తో రెండేసి సంఖ్యలు ప్యాక్ చేసి ఫ్లోట్‌గా అన్‌ప్యాక్ చేసుకోవాలి. కష్టమైన పని కాదు, నాలుగు లైన్లు. కానీ ఎనర్జీ మీటరు చదివే ప్రతి ఒక్కరూ ఆ నాలుగు లైన్లు మళ్లీ మళ్లీ రాసుకుంటున్నారు.

తప్పు ఎక్కడుందో చెప్పే తీరు

ఈ విషయంలో లైబ్రరీకి మంచి మార్కులివ్వాలి. ఎర్రర్లు రకాలుగా విడిపోయి ఉంటాయి. నో రెస్పాన్స్ అంటే ఒక్క బైటు కూడా రాలేదు. వైరింగ్, అడ్రస్, బాడ్ రేట్ చూడండి. ఇన్వాలిడ్ రెస్పాన్స్ అంటే ఏవో వచ్చాయి గానీ సరిగా లేవు. పారిటీ, టైమవుట్, బయాస్, ఒకే అడ్రస్‌తో రెండు పరికరాలు, ఈ వరసలో చూడండి. ఇల్లీగల్ రిక్వెస్ట్ అంటే లైను బాగానే ఉంది, మీరడిగింది అక్కడ లేదు. ఈ మూడోది వస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవక్కర్లేదు, మాన్యువల్ తెరవాలి.

డీబగ్ ట్రూ చేస్తే ప్రతి అభ్యర్థన, ప్రతి జవాబు బైట్లతో సహా కనిపిస్తాయి, ఎంతసేపు పట్టిందో కూడా రాస్తుంది. స్లేవ్ 1 నుంచి మొదటి 10 హోల్డింగ్ రిజిస్టర్లు అడిగితే 01 03 00 00 00 0ఎ సి5 సిడి వెళ్లాలి. చివరి రెండూ సీఆర్‌సీ, చిన్న బైటు ముందు వస్తుంది. జవాబు 01 03 14తో మొదలవ్వాలి, హెక్సాలో 14 అంటే 20 డేటా బైట్లు. 01 83 02 సి0 ఎఫ్1 వస్తే రెండో బైటులో 3 కాస్తా 83 అయింది చూడండి, అది ఎక్సెప్షన్. తర్వాతి 02 తప్పు అడ్రస్ అని. ఆ పట్టిన సమయాల్ని ఒక వంద రీడింగులకి చూస్తే మీ పరికరం అసలు ఆలస్యమెంతో తెలుస్తుంది, టైమవుట్‌ని ఊహతో కాక లెక్కతో పెట్టుకోవచ్చు.

ఒకే పోర్టు, పది మీటర్లు

ఒకే పోర్టు పేరుతో పది ఇన్‌స్ట్రుమెంట్ ఆబ్జెక్టులు చేస్తే లోపల సీరియల్ పోర్టు ఒక్కటే, పదీ దాన్నే పంచుకుంటాయి. ఇది కావాలని చేసిన మంచి ఏర్పాటు. కానీ మూడో ఆబ్జెక్టులో బాడ్ రేట్ మారిస్తే మిగతా తొమ్మిదికీ మారిపోతుంది. టైమవుట్ కూడా అంతే. ఒక లైను మీద అన్నిటికీ ఒకే బాడ్ రేట్, ఒకే పారిటీ పెట్టుకోండి. టైమవుట్ అన్నిటిలో నెమ్మదైన పరికరానికి సరిపడా ఉండాలి.

లైబ్రరీలో తాళం లేదు. రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిస్తే రెండు అభ్యర్థనలు వైరు మీద ఢీకొంటాయి. చదివే పని ఒకే థ్రెడ్‌కి ఇచ్చి, మిగతావాటికి క్యూ ద్వారా అందించండి. లేదా ప్రతి పిలుపు చుట్టూ లాక్ పెట్టండి. రెండు వేర్వేరు ప్రోగ్రాములు ఒకే పోర్టు తెరవడం మాత్రం అసలు వద్దు.

లినక్స్‌లో యూఎస్‌బీ పోర్టు నంబర్లు రీబూట్ తర్వాత మారిపోతాయి. డెవ్ ఫోల్డరులో సీరియల్ కింద బై-ఐడీ దారి వాడితే మారదు. సీహెచ్340 అనే కన్వర్టర్ చిప్పుల్లో మామూలుగా సీరియల్ నంబరు ఉండదు కాబట్టి ఒకేలాంటివి రెండు పెడితే బై-ఐడీ పనికిరాదు, బై-పాత్ వాడి ఏది ఏ సాకెట్‌లో ఉందో చీటీ అంటించండి. పర్మిషన్ ఎర్రర్ వస్తే, డెబియన్ లాంటి వాటిలో, యూజర్‌ని డయలవుట్ గ్రూపులో చేర్చాలి.

ఇంకెవరికి పనికిరాదు

మోడ్‌బస్ టీసీపీ పరికరాలూ ఉంటే, లేదా పది లైన్లు ఒకేసారి అసింక్‌తో నడపాలంటే, లేదా నకిలీ స్లేవ్‌ని తయారుచేసి పరీక్షించాలంటే పైమోడ్‌బస్ అనే మరో లైబ్రరీకి వెళ్లండి. అది వీటన్నిటినీ చేస్తుంది. బదులుగా వెర్షన్ మారినప్పుడల్లా పేర్లు మారడం భరించాలి. స్లేవ్ నంబరు ఇచ్చే పరామితి ఒకప్పుడు యూనిట్, తర్వాత స్లేవ్, ఆపైన డివైస్ ఐడీ అయింది. ఐదేళ్లు ముట్టుకోకుండా ప్యానెల్‌లో నడవాల్సిన కోడ్‌కి మినిమల్‌మోడ్‌బస్‌నే ఎంచుకుంటాం. ఏ లైబ్రరీనైనా ఒకే వెర్షన్ నంబరుకి కట్టేసి ఇన్‌స్టాల్ చేయడం మరవకండి.

రాసేటప్పుడు

ఒక్క రిజిస్టరు రాసే రైట్ రిజిస్టర్ డీఫాల్ట్‌గా ఫంక్షన్ కోడ్ 16 వాడుతుంది. అనేక రిజిస్టర్లు రాయడానికున్న కోడ్ అది. చౌక కంట్రోలర్లు కొన్ని 6కి మాత్రమే ఒప్పుకుంటాయి. చదవడం బాగా జరిగి రాయడంలోనే ఇల్లీగల్ ఫంక్షన్ అని వస్తే ఫంక్షన్ కోడ్ 6 అని ఇచ్చి చూడండి.

అయితే 6తో ఇంకో వల ఉంది. కొన్ని రెండు వైర్ల కన్వర్టర్లు తాము పంపిన బైట్లను తామే తిరిగి వింటాయి. ఫంక్షన్ 6కి సరైన జవాబు అభ్యర్థన నకలే. అంటే కన్వర్టర్ ప్రతిధ్వనే సరైన జవాబులా కనిపిస్తుంది, పరికరం ఆఫ్‌లో ఉన్నా రాత విజయవంతం అంటుంది. లైబ్రరీలో దీనికి లోకల్ ఎకో అనే అమరిక ఉంది, అది ట్రూ చేస్తే తన ప్రతిధ్వనిని విడిగా చదివి పక్కనపెడుతుంది. మీ కన్వర్టర్ అలాంటిదో కాదో తెలుసుకోవడానికి 485 వైర్లు ఊడదీసి ఒక చదివే అభ్యర్థన పంపండి. నో రెస్పాన్స్ వస్తే ప్రతిధ్వని లేదు. ఇంకేదైనా ఎర్రర్ వస్తే ఉంది. ఏ అమరికతో రాసినా, రాసిన వెంటనే ఆ రిజిస్టరు మళ్లీ చదివి సరిచూడండి.

సెట్‌పాయింట్ (మనం కోరే విలువ) రిజిస్టర్లు చాలా కంట్రోలర్లలో ఈఈప్రామ్ అనే, కరెంటు పోయినా చెరగని మెమరీలో నిలుస్తాయి. దాని రాత చక్రాలు లక్ష అని మాన్యువల్‌లో ఉంటే, లూప్‌లో సెకనుకోసారి అదే విలువ రాస్తూ పోయే ప్రోగ్రామ్ 28 గంటల్లో ఆ హద్దుకి చేరుస్తుంది. ముందు చదవండి, విలువ మారితేనే రాయండి.